బండ మీద బండ పడితే...

ఖాళీ గ్యాస్ బండను భుజాన వేసుకుని దించితే సరిపోయేది. మెట్ల మీదుగా దొర్లించుకుంటూ తీసుకెళ్లారు. మూడో మెట్టు దగ్గర 'టక్'మని చిన్న చప్పుడు. బండి వెళ్లిపోయాక చూస్తే ఇంకేముంది... నల్లగా నిగనిగలాడే గ్రానైట్ అంచులో బొటనవేలి గోరంత పెచ్చు లేదు! ఆ క్షణం నుంచీ ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల చూపు అక్కడికే పోతున్నట్టు అనిపిస్తుంది ఇల్లాలికి. నిజానికి వచ్చినవాళ్లు చూడరు. ఇంట్లోవాళ్లే చూస్తారు, రోజూ.

గ్యాస్ బండే కానక్కర్లేదు. స్కూటర్ సెంటర్ స్టాండు వేసేచోట తాండూరు బండ పెచ్చు లేస్తుంది. గుమ్మం ముందు మెట్టు మీద కొబ్బరికాయ కొట్టడం కొన్ని ఇళ్లలో ఆనవాయితీ. కాయ పగిలితే శుభమే, మెట్టు పగిలితేనే చిక్కు. బీరువా దించేటప్పుడు, వాటర్ ట్యాంకు పైకెక్కించేటప్పుడు, గేటు గాలికి కొట్టుకున్నప్పుడు... ఆరుబయట ఉన్న రాతికి గండాలు ఎన్నో. తులసికోట గట్టు, బావి ఒర, అరుగు అంచు, ప్రహరీ మీద కప్పిన పలకలు, అన్నీ ఈ జాబితాలోవే.

పోయింది గోరంతే కదా అనుకుంటాం. అయితే మెట్టు అంచు కాలు ఆనే చోటు. చీకట్లో దిగే పెద్దవాళ్లకు అక్కడ పట్టు తప్పిందంటే తుంటి ఎముక మీదకి వస్తుంది. పైగా విరిగిన చోట రాతికి పైనున్న నునుపు పోతుంది. నీళ్లూ, మట్టీ, మరకలూ అక్కడి నుంచే లోపలికి దిగుతాయి. పదునుగా మిగిలిన అంచు మళ్లీ దెబ్బ తగిలితే ఇంకాస్త రాలుతుంది. గోరంతది అరచేయంత అవడానికి రెండు వానాకాలాలు చాలు.

సిమెంటు ఎందుకు నిలవదు?

సాధారణంగా జరిగేదేమిటంటే... పక్క వీధిలో పని చేస్తున్న మేస్త్రిని పిలుస్తారు. ఆయన గుప్పెడు సిమెంటు తడిపి, వేలితో మెత్తి, తడిగుడ్డతో తుడిచి వెళ్లిపోతాడు. నెల తిరక్కుండానే అది బిళ్లలా ఊడి వస్తుంది. మేస్త్రి తప్పేం లేదు. సిమెంటు స్వభావమే అంత.

సిమెంటు గట్టిపడాలంటే దానికి నీళ్లు కావాలి. పలచగా పూసినప్పుడు ఎండకు కాగిన రాయి పక్క నుంచి, గాలి పై నుంచి ఆ నీటిని లాగేసుకుంటాయి. ఇక అది గట్టిపడదు, పొడిపొడిగా ఎండుతుంది. ఎండేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది కూడా. దాంతో రాతికీ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. నునుపు పట్టించిన గ్రానైట్‌నైతే అసలు అంటుకోనే అంటుకోదు. అన్నిటికంటే ముఖ్యం, పెచ్చు ఊడిన గుంట మధ్యలో లోతుగా ఉన్నా అంచుల దగ్గర కాగితమంత పలచగా ఉంటుంది. ఆ పలచని చోట ఏ పదార్థమూ నిలవదు. తెల్ల సిమెంటైనా, నల్ల సిమెంటైనా, రంగు కలిపినదైనా అంతే.

మరేం చేయాలి? ముందు, మన ఇంటి రాయి ఏదో తెలుసుకోవాలి.

నిమ్మకాయ చెబుతుంది

తెలుగునాట ఇళ్ల ముందు కనిపించే రాళ్లు ప్రధానంగా రెండు కుటుంబాలవి. ఒకటి నాపరాయి. వికారాబాద్ జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచెర్ల, కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతాల నుంచి వచ్చే బండలన్నీ ఈ జాతివే. ఇది సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది, అందుకే గని దగ్గర బండలుగా చీల్చడం తేలిక. పెచ్చు లేవడమూ అంతే తేలిక! రెండోది గ్రానైట్. కరీంనగర్ వైపు నుంచి వచ్చే గోధుమరంగు 'టాన్ బ్రౌన్', ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే నల్లని 'గెలాక్సీ' ఈ కోవలోవి. (గెలాక్సీని బజారులో గ్రానైట్ అనే అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని గాబ్రో జాతిలో వేస్తారు. కొనేవాళ్లకు ఆ తేడాతో పనిలేదు.) ఇవి రెండూ కాక, ఈమధ్య ఇంటి ముఖద్వారాలకు రాజస్థాన్ నుంచి తెప్పిస్తున్న ఇసుకరాయి కూడా ఉంది. అది మెత్తన, నీళ్లు బాగా పీలుస్తుంది.

గుర్తుపట్టడం తెలియకపోతే ఒక నిమ్మచెక్క చాలు. ఎవరికీ కనిపించని మూల నాలుగు చుక్కలు పిండి, కాసేపు చూడండి. నురగలా చిన్న చిన్న బుడగలు వచ్చి, కడిగాక అక్కడ నునుపు మాసినట్టు ఉంటే అది నాపరాయి. గ్రానైట్ చలించదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో వరండా కడగకూడదని చెప్పేది ఇందుకే. నిమ్మరసానికే ఉలిక్కిపడే రాయి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు ఎలా తట్టుకుంటుంది? బండలు తెల్లబడ్డాయని సంబరపడతాం. నిజానికి పైపొర కరిగిపోయింది.

రాయి పేరు తెలిశాక ఇంకో పరీక్ష. స్క్రూడ్రైవర్ వెనక పిడితోనో, రూపాయి బిళ్లతోనో బండ మీద అక్కడక్కడా తట్టి చూడాలి. ఖంగుమంటే కింద మాలు నిండుగా ఉన్నట్టు. డొల్లగా శబ్దం వస్తే అడుగున ఖాళీ ఉంది. ఆ ఖాళీ వల్లే అంచు విరిగింది. అలాంటప్పుడు పైన ఎంత అందంగా అతుకు వేసినా మళ్లీ విరుగుతుంది. ముందు బండ లేపి, కింద మాలు సరిచేసి, మళ్లీ పరవాల్సిందే.

మూడోది తుప్పు. గేటు కొక్కేల దగ్గరో, గ్రిల్లు కాళ్ల దగ్గరో రాయి చీలితే అది దెబ్బ వల్ల కాదు. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి ఎంతటి రాయైనా లొంగాల్సిందే. ఈ పాఠం ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన రాతి కట్టడం ఒకటి చాలా ఖరీదుగా నేర్చుకుంది. గ్రీసులోని ఏథెన్స్ కొండ మీద పార్థినాన్ ఆలయం పాలరాళ్లను పురాతన గ్రీకులు ఇనుప బందులతోనే కలిపారు. కానీ వాటి చుట్టూ కరిగించిన సీసం పోశారు. నీరు తగల్లేదు, తుప్పు పట్టలేదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నికొలావొస్ బలనోస్ అనే ఇంజినీరు మరమ్మతులు చేయించినప్పుడు సీసం రక్షణ లేకుండానే ఇనుము వాడారు. కొన్ని దశాబ్దాలకు అది ఉబ్బి, రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన పాలరాళ్లను చీల్చింది. 1975లో ఏర్పాటైన సంరక్షణ కమిటీ ఆ ఇనుమంతా ఊడబెరికించి టైటానియం పెట్టించే పని చేపట్టింది. విరిగినంత మేరకు అదే పెంటెలికాన్ కొండ పాలరాయితో అతుకులు వేయిస్తోంది. మన గేటు స్తంభానికి టైటానియం అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. మామూలు చువ్వ మాత్రం వద్దు.

ముక్క దొరికితే సగం పని అయినట్టే

పెచ్చు ఊడగానే చాలామంది చేసే పని, చీపురు తెచ్చి ఊడ్చేయడం. అక్కడే పొరపాటు! పెద్ద ముక్క, చిన్న ముక్క, నలుసులతో సహా ఏరి ఒక కవర్లో వేసి దాచాలి. అదే రంగు, అదే గింజ ఉన్న ముక్క బజారులో ఎంత వెతికినా దొరకదు. విరిగిన ముఖాలను రుద్దకూడదు, అరగదీయకూడదు. ఆ గరుకుతనమే ముక్కను తన చోట సరిగ్గా కూర్చోబెడుతుంది.

అతికించే ముందు రెండు వైపులా పాత పళ్ల బ్రష్‌తో, కొంచెం సబ్బు నీళ్లతో తోమి, మంచినీళ్లతో కడగాలి. ఆ తర్వాత ఎండనివ్వాలి. గంటో రెండు గంటలో కాదు, కనీసం రెండు మూడు రోజుల మంచి ఎండ. రాయి పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. చెమ్మ మీద జిగురు పట్టదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు. సంక్రాంతి వెళ్లాక, ఉగాది లోపు అనువైన సమయం.

ఇంకో శత్రువు నూనె. గుమ్మం పక్కన, తులసికోట దగ్గర ఏళ్ల తరబడి దీపాలు పెట్టిన చోట రాయి నూనె తాగి ఉంటుంది. నాపరాయి మరీనూ. అక్కడ సుద్దపొడినో, ముల్తానీ మట్టినో థిన్నర్‌లో ముద్దలా కలిపి, అర అంగుళం మందాన పెట్టి, పైన పాలిథిన్ కప్పి ఒక రోజు వదిలేయాలి. తర్వాత కవరు తీసి ఆరనిస్తే ముద్ద ఎండుతూ నూనెను పైకి లాగుతుంది. ఒకసారికి పోకపోతే మళ్లీ. థిన్నర్ మంటలు అంటుకునే పదార్థం. ఆ రోజు దీపం మరో చోట పెట్టుకోవాలి.

జిగురు విషయానికొస్తే, గ్రానైట్ అమ్మే దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి. పాలిస్టర్ ఒకటి, ఎపాక్సీ ఒకటి. పాలిస్టర్ పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది, చవక, పనివాళ్లకు ఇష్టం. వంటింటి గట్టుకు పరవాలేదు. ఆరుబయట ఎండకూ వానకూ మాత్రం ఎపాక్సీయే మేలు. రెండు ట్యూబుల్లో వచ్చే అరాల్డైట్ ఆ కుటుంబందే. అయితే దానికీ ఒక బలహీనత ఉంది. నేరుగా ఎండ తగిలితే పసుపుపచ్చగా మారుతుంది, పైన సుద్దలా పొడి లేస్తుంది. అందుకే జిగురు బయటికి కనిపించకుండా చూడాలి. అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి, పలచగా రాసి ముక్కను నొక్కితే అది సరిగ్గా అంచు దాకా పాకుతుంది, పొంగి బయటికి రాదు.

జిగురు రాయకముందే ఒకసారి ముక్కను ఉత్తినే పెట్టి చూసుకోవడం మరిచిపోవద్దు. ఎటు తిప్పితే కూర్చుంటుందో తెలియాలి. జిగురు చేతికి అంటుకున్నాక ఆ ప్రయోగాలు చేస్తే రాయి కన్నా వేళ్లు బాగా అతుక్కుంటాయి! పెట్టాక పెయింటర్లు వాడే కాగితం టేపుతో బిగించి, ఇరవై నాలుగు గంటలు దాని మీద అడుగు పడకుండా చూడాలి. ఆ మెట్టుకు అడ్డంగా కుర్చీ పెట్టడమే మార్గం. పిల్లలకు చెబితే వినరు.

మిట్టమధ్యాహ్నం ఈ పని చేయకూడదు. ఏప్రిల్ ఎండలో నల్ల గ్రానైట్ మీద అరికాలు ఆన్చలేం. ఆ వేడికి ఎపాక్సీ కలుపుతుండగానే బిగుసుకుంటుంది. పొద్దున్నే గానీ, ఎండ వాలాక గానీ మొదలుపెట్టాలి. కలిపేది కూడా కొంచెం కొంచెంగానే. కప్పు నిండా కలిపితే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది.

ముక్క పోతే... పొడి ఉంది

ముక్క దొరకలేదు. లేదా నుజ్జునుజ్జయింది. అప్పుడు గుంటను పూడ్చాలి. దీనికి కావాల్సింది అదే రాతి పొడి. గ్రానైట్ కోసే చోట వృథా ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. గోనెసంచిలో చుట్టి సుత్తితో నలగ్గొట్టి, పలచటి బట్టలో జల్లించుకోవాలి. (ఇంట్లో రోలు ఉంది కదా అని అందులో వేసి దంచే ఆలోచన చేయకండి. తర్వాత రోట్లో పచ్చడి చేసుకుంటే పళ్ల కింద గ్రానైట్ తగులుతుంది.)

రంగు కుదరడమే ఈ పనిలో అసలు కష్టం. పొడి రంగు చూసి మోసపోకూడదు. ఏ రాయైనా పొడి చేస్తే తెల్లగా కనిపిస్తుంది. జిగురులో కలపగానే ముదురుతుంది, తడిసిన రాయి రంగుకు వస్తుంది. కాబట్టి ముందుగా ఒక వృథా ముక్క మీద చారెడు పెట్టి, ఎండాక పక్కన పెట్టి పోల్చుకోవాలి. మరీ ముదురుగా ఉంటే కాస్త తెల్ల పాలరాతి పొడి, లేతగా ఉంటే నల్లరంగు చిటికెడు. తాండూరు పసుపు బండకు పసుపు మట్టిరంగు కొద్దిగా కలుపుతారు. అనుమానంగా ఉంటే ముదురు వైపే మొగ్గడం మంచిది. రాతి మీద ముదురు చుక్క సహజంగా ఉన్నట్టే అనిపిస్తుంది, తెల్ల మచ్చ మాత్రం పుట్టుమచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

టాన్ బ్రౌన్ లాంటి గింజల గ్రానైట్‌కు మెత్తటి పొడి ఒక్కటే సరిపోదు. నల్ల గింజ, గోధుమ గింజ విడివిడిగా నలగ్గొట్టి, జిగురు మీద అక్కడక్కడా నాటినట్టు పెట్టాలి. చీమకుర్తి గెలాక్సీకైతే ఒప్పుకుని తీరాలి, నల్లరంగు తేవచ్చు గానీ లోపల మెరిసే ఆ బంగారు తళుకును ఎవరూ తేలేరు. అక్కడ గోరంత అతుకు గోరంతగా కనిపిస్తుంది. అంచే కాబట్టి ఫర్వాలేదు.

ఇక పూడ్చే పద్ధతి. గుంట అంచుల్లో కాగితంలా పలచబడిన భాగాన్ని సన్నటి ఉలితో నిలువుగా గిల్లి, ఎక్కడ చూసినా మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉండేలా చేసుకోవాలి. మంచి రాయిని చేజేతులా పగలగొట్టడం కదా అని జంకుతారు కానీ, అతుకు నిలిచేదీ ఊడేదీ ఇక్కడే తేలుతుంది. చుట్టూ టేపు అంటించాలి. మెట్టు అంచైతే ముందువైపు టేపు చుట్టిన చిన్న చెక్కను ఆన్చి నిలబెట్టాలి. ఎపాక్సీలో పొడిని చపాతీ పిండిలా గట్టిగా కలిపి, గాలి బుడగలు లేకుండా నొక్కుతూ నింపాలి. రాయి మట్టం కన్నా ఒక వెంట్రుక ఎత్తే ఉంచాలి. సగం గట్టిపడ్డాక పదునైన బ్లేడుతో పై మిగులును కోసేస్తే తర్వాత రుద్దే శ్రమ తగ్గుతుంది.

రుద్దడానికి నీటి కాగితం. 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400 దాకా, నీళ్లు చల్లుకుంటూ. నాపరాయికి అక్కడితో ఆపేయొచ్చు. అద్దంలా మెరిసే గ్రానైట్‌కు ఇంకా 800 నుంచి 3000 దాకా పోవాలి. అది చేత్తో అయ్యే పని కాదు, పాలిష్ మిషన్ ఉన్నవాళ్లను పిలవడమే. కాల్చి గరుకు చేసిన గ్రానైట్ ఉంటే దాని కథ వేరు. అక్కడ రుద్దనే కూడదు. జిగురు పచ్చిగా ఉండగానే పైన పొడి రాతిగింజలు చల్లి, కుంచెతో తాటించి వదిలేస్తే గరుకుదనం కలిసిపోతుంది. చాలామంది పాలిష్ చేసి చెడగొట్టేది దీన్నే.

అరచేయి కన్నా పెద్ద ముక్క పోయిందంటే పొడితో పూడ్చడం దండగ. విరిగిన భాగాన్ని చతురస్రంగా కోసి, అదే రాతి ముక్కను బిగువుగా దించాలి. శిల్పులు తరతరాలుగా చేస్తున్న పని ఇది. బరువు పడే చోటైతే లోపల రెండు స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లలు దిగాలి. అసలు దీనికన్నా సులువైన ఉపాయం ఒకటుంది. చిన్న చిన్న పెచ్చులు వరసగా లేచిన మెట్టుకు అంచు పొడుగునా గుండ్రంగా మిషన్ పట్టిస్తే పెచ్చులన్నీ అందులో కలిసిపోతాయి. పదునైన అంచు ఉండదు కాబట్టి మళ్లీ విరగడమూ తగ్గుతుంది. నాపబండైతే ఇంకా తేలిక. లేపి, వెనుక అంచు ముందుకు వచ్చేలా తిప్పి పరిస్తే సరి!

గుడి రాతికి ఇది కుదరదు

ఇంటి మెట్టు సంగతి ఇలా ఉంటే, ఊళ్లో పాత గుడి మెట్టు విరిగినప్పుడు జరిగేది వేరు. ఎవరో దాత ముందుకొస్తారు. నాలుగు బస్తాల సిమెంటు దిగుతుంది. శిల్పం ముక్కు విరిగినా సిమెంటే, పగులు పడినా సిమెంటే. పైన ఎనామిల్ రంగు. భక్తికి లోటు లేదు గానీ, రాయికి చేటు జరుగుతుంది.

ఇసుకరాయి లాంటి మెత్తటి రాళ్లు నీళ్లు పీల్చుకుంటాయి, మళ్లీ ఎండకు వదిలేస్తాయి. మధ్యలో గట్టి సిమెంటు అడ్డుపడితే నీరు దాని పక్కనున్న రాతిలోంచి బయటికి రావాలి. వస్తూ వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. ఉప్పు స్ఫటికాలు రాతి రంధ్రాల్లో పెరిగి పైపొరను పొట్టులా రాలుస్తాయి. కొన్నేళ్లకు సిమెంటు అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని చుట్టూ ఉన్న అసలు రాయి కరిగిపోయి ఉంటుంది! అతుకు రాయి కన్నా బలహీనంగా ఉండాలనేది పురాతన కట్టడాల మరమ్మతులో మొదటి సూత్రం. చెడితే అతుకే చెడాలి.

అందుకే పాతవాళ్లు గానుగ సున్నం వాడేవారు. సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం పోసి రుబ్బేవారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అంటే నాపరాతి పగులులో పెట్టిన సున్నం చివరికి నాపరాతికి చుట్టమే అవుతుందన్నమాట. గోడలకూ పగుళ్లకూ ఇది బంగారం. అడుగుల రాపిడి పడే మెట్టు అంచుకు మాత్రం ఆగదు. ఆ సంగతీ పాతవాళ్లకు తెలుసు, అక్కడ రాతి ముక్కే దించేవారు.

2019 మే నెలలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడిపడింది. పురావస్తు శాఖ దాన్ని సున్నంతోనే బాగుచేయించింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపానిదైతే సుదీర్ఘ గాథ. పునాది కుంగడంతో మండపాన్ని రాయి రాయీ విప్పదీసి, బాగుచేసి, మళ్లీ నిలబెట్టారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని ముగిసి 2024 మార్చిలో తిరిగి తెరుచుకుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. విరిగిన రాతిని పారేయకుండా తిరిగి నిలబెట్టడానికి ఎంత ఓపిక కావాలో అక్కడికి వెళితే కళ్లారా చూడొచ్చు. 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడిలో ఎర్రని ఇసుకరాయి, నల్లరాయి పక్కపక్కనే ఉంటాయి. ఒక రాతికి పనికొచ్చిన వైద్యం ఇంకో రాతికి పనికిరాదు.

అన్నట్టు, కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం ఉంది. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎంత సదుద్దేశంతోనైనా సిమెంటు ముద్ద పెట్టడం నేరమే. ఆ జాబితాలో లేని ఊరి గుడికి ఏ చట్టమూ అడ్డురాకపోవచ్చు. అక్కడా సిమెంటు దింపేముందు సున్నం పని తెలిసిన మేస్త్రిని ఒకసారి పిలిపించి చూపిస్తే మంచిది. అలాంటివాళ్లు తగ్గిపోయారు గానీ, పూర్తిగా లేకుండా పోలేదు.

ఆ పొగ పొగ కాదు

గ్రానైట్‌కు మిషన్ పెట్టగానే తెల్లటి పొగలాంటిది లేస్తుంది. అది రాతి ధూళి. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. కంటికి ఆనని ఆ రేణువులు ఊపిరితిత్తుల్లో దిగబడితే మళ్లీ బయటికి రావు. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దానికి నయం చేసే మందు లేదు. క్వారీల్లో, రాతి పనిలో ఉన్నవాళ్లను చిన్న వయసులోనే మంచాన పడేసే జబ్బు ఇది. క్షయ కూడా తోడవుతుంది.

ఇంటికి వచ్చిన పనివాడు మూతికి రుమాలు కట్టుకుని పని మొదలుపెడతాడు. రుమాలు ఈ ధూళిని ఆపలేదు. మెడికల్ షాపులో దొరికే ఎన్95 మాస్కు రెండు తెచ్చి ఇవ్వడం, బకెట్ నీళ్లూ పైపూ పక్కన పెట్టి తడుపుతూ కోయమనడం ఇంటివాళ్లు చేయగలిగిన పని. తడి రాతిని కోస్తే ధూళి బురదగా కిందికి జారుతుంది. అయితే కరెంటు మిషన్‌కు నీళ్లు తగిలితే ప్రమాదం కాబట్టి, నీళ్లతో కోయడానికి తయారుచేసిన మిషనే వాడమనాలి. కొందరు 'ఐదు నిమిషాల పనే కదండీ' అంటారు. వాళ్లకది రోజుకు పది ఇళ్లలో ఐదేసి నిమిషాలు. పిల్లల్నీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లనూ ఆ కాసేపు లోపల తలుపు వేసి ఉంచితే మంచిది. ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం చర్మానికి దురద తెప్పిస్తుంది, చేతికి తొడుగు తప్పదు.

అసలు ఇంత చిన్న పనికి మనిషి దొరకడమే గగనం. గ్రానైట్ పరిచేవాళ్లకు రోజు పని కావాలి, పావుగంట పని కాదు. కాబట్టి ఒక్క పెచ్చు కోసం పిలవకుండా, ఇంటి చుట్టూ తిరిగి మెట్టు, గడప, గట్టు, ప్రహరీ... ఎక్కడెక్కడ ఏం విరిగిందో రాసి పెట్టుకుని అన్నీ ఒకేరోజు చేయించుకోవడం తెలివైన పని. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లైతే మిగిలిన బండల్ని ఎవరికో ఇచ్చేయకుండా ప్రతి రకానిదీ రెండు ముక్కలు మేడమీద ట్యాంకు కింద దాచుకోవాలి. పదేళ్ల తర్వాత అదే గని నుంచి తెచ్చినా అదే రంగు రాదు.

అతుకు పూర్తయ్యాక చాలామంది వార్నిష్ లాంటిది పూయిస్తారు. ఆరుబయట అది పొలుసులుగా లేస్తుంది. పూయాలనుకుంటే రాతిలోకి ఇంకిపోయి, నీటిని ఆపుతూ ఆవిరిని మాత్రం వదిలే సీలర్ అడగాలి. అదీ రాయి బాగా ఆరాకే.

పని బాగా కుదిరిందో లేదో ఎండలో తెలియదు. మర్నాడు పొద్దున మెట్లు కడిగేటప్పుడు చూడాలి. తడిసిన రాయి ముదురు రంగుకు తిరుగుతుంది, జిగురు అతుకు తిరగదు. ఆ కాసేపు మాత్రం అది లేతగా, విడిగా బయటపడుతుంది. ముగ్గు వేసేలోపు రాయి ఆరిపోతుంది, అతుకు మళ్లీ కలిసిపోతుంది. ఈసారి గ్యాస్ బండ వచ్చేరోజున మెట్ల మీద ఒక పాత గోనెపట్టా పరిచి ఉంచండి.